గోడమీద ఎవరు, బల్లదగ్గర ఎవరు?

బారు గురించి స్త్రీవాదులం ఇప్పటిదాకా రెండు రకాలుగా మాట్లాడుకుంటూ వచ్చాం. మొదటిది తాగివచ్చే మగవాడి గురించి, అతని తాగుడికి ఖాళీ అయిపోయే బియ్యం డబ్బాల గురించి, ఇంట్లో పడే దెబ్బల గురించి. రెండోది అక్కడికి వెళ్ళే హక్కు గురించి. మగవాడు నిర్భయంగా కూర్చునే చోట స్త్రీ ఎందుకు కూర్చోకూడదని అడుగుతూ వచ్చాం. ఈ రెండూ తీరిపోయిన ప్రశ్నలు కావు. కానీ వీటి వెనకే మూడో ప్రశ్న ఒకటి నిలబడి ఉంది. సరే, లోపలికి వెళ్ళాం. వెళ్ళి ఎవరి బతుకు మధ్య కూర్చున్నాం?

ఈ ప్రశ్న నాకు లండన్‌లో ఎదురైంది. అక్కడ కొన్ని నెలలు ఉండాల్సి వచ్చినప్పుడు 'థీమ్ బార్లు' అనే విచిత్రమైన చోట్లకి వరసగా వెళ్ళాను. ఒకటి జైలులా ఉంటుంది. ఒకటి డిటెక్టివ్ ఆఫీసులా. ఒకటి రెండో ప్రపంచయుద్ధం నాటి భూగర్భ రైల్వేస్టేషన్‌లా. ఇంకొకటి నిజంగానే ఒకప్పటి మరుగుదొడ్డి. గ్లాసులో పోసేది అన్నిచోట్లా దాదాపు ఒకటే. మనిషి అదనంగా డబ్బిచ్చేది చుట్టూ అల్లిన కథకి. నాతో ప్రతిసారీ ఒక స్నేహితురాలు వచ్చేది. గుంటూరు నుంచి వెళ్ళి ఇరవై ఏళ్ళకి పైగా అక్కడే నర్సుగా ఉంటోంది. ఇల్లిల్లూ తిరిగి, మంచం దిగలేని వాళ్ళకి కట్లు కట్టి, ఇంజెక్షన్లు ఇచ్చే ఉద్యోగం. నాకంటే నాలుగేళ్ళు పెద్దది కాబట్టి అక్కా అంటాను. సిద్ధాంతాలంటే ఆమెకి ఓపిక లేదు. ఈ వ్యాసంలో పనికొచ్చే మాటల్లో సగం ఆమెవే.

ముందు లోపలికి వెళ్ళడం గురించి చెప్పుకోవాలి, ఎందుకంటే అది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. ఫ్లీట్ స్ట్రీట్ చాలాకాలం లండన్ పత్రికాఫీసుల వీధి. అక్కడి ఎల్ వినో అనే వైన్ బారులో పాత్రికేయులూ లాయర్లూ కౌంటరు దగ్గర గుంపుగా నిలబడి తాగేవారు. స్త్రీలని మాత్రం అక్కడ నిలబడనిచ్చేవారు కాదు. వెనక గదిలో కూర్చుంటే బల్లదగ్గరికే తెచ్చి ఇస్తామనేవారు. పైకి చూస్తే అది మర్యాదే. కానీ కబుర్లు నడిచేదీ, వార్తలు చేతులు మారేదీ కౌంటరు దగ్గర. మర్యాద పేరుతో స్త్రీలకి దక్కకుండా చేసింది ఆ కబుర్లనే. టెస్ గిల్ అనే న్యాయవాది, అనా కూట్ అనే పాత్రికేయురాలు దీనిమీద కోర్టుకెక్కారు. కింది కోర్టులో ఓడిపోయారు. 1982లో అప్పీలు కోర్టు వాళ్ళ పక్షాన తీర్పు చెప్పింది. లింగవివక్షను నిషేధించే చట్టం 1975లోనే వచ్చింది. అంటే చట్టం పుట్టిన ఏడేళ్ళకి గానీ ఒక స్త్రీ ఆ కౌంటరు దగ్గర నిలబడి గ్లాసు అందుకోలేకపోయింది. 2009 జనవరిలో మంగళూరు పబ్బులో అమ్మాయిల్ని వెంటపడి కొట్టినప్పుడు మన దేశంలో లేచిన చర్చ కూడా ఇదే చర్చకి చెల్లెలు.

అయితే మన నేల మీద ఈ హక్కు మాట అంత తేలిగ్గా నోట రాదు. 'వారుణి వాహిని' పేరుతో సర్కారే ప్యాకెట్లలో సారా ఊరూరికీ చేర్చిన రోజులు చూసినవాళ్ళం. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని తమ ఊళ్ళోంచి తరిమేశారు. ఆ కథ అక్షరాస్యతా వాచకంలో పాఠమైంది, పాఠం మళ్ళీ ఊళ్ళలో ఉద్యమమైంది. 1992 నాటికి సారా వేలంపాటలు సాగనివ్వని స్థాయికి చేరింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో అది సడలిపోయింది. ఈ చరిత్ర ఉన్న భాషలో బారుకి వెళ్ళడం గురించి రాయడమంటే చాలామందికి గొంతులో ఏదో అడ్డం పడుతుంది. దీనికి ఇంకో పక్క కూడా ఉంది. తెలంగాణ పల్లెల్లో రోజంతా నాట్లేసి వచ్చిన స్త్రీ సాయంత్రం కల్లు తాగితే ఎవరూ దాన్ని తిరుగుబాటు అనరు, పతనమూ అనరు. తాగే స్త్రీ అంటే ఉలిక్కిపడటం మధ్యతరగతి అలవాటు. కాబట్టి నేనిక్కడ మాట్లాడుతున్నది తాగుడు గురించి కాదు. తాగుడు చుట్టూ కట్టిన నాటకం గురించి. ఆ నాటకంలో ఎవరికి ఏ వేషం ఇచ్చారన్న దాని గురించి.

అన్నిటికంటే నాకు నచ్చిన చోటు గురించి ముందు చెబుతాను. లేకపోతే నవ్వంటే పడని మనిషి రాసిన వ్యాసమనుకునే ప్రమాదముంది. ఎర్ల్స్ కోర్ట్ ప్రాంతంలో 2012లో తెరిచిన ఇవాన్స్ అండ్ పీల్ అనే బారు బయటికి డిటెక్టివ్ ఆఫీసులా కనిపిస్తుంది. మెట్లు దిగి లోపలికి వెళితే పాత బల్ల వెనక ఒక మనిషి కూర్చుని ఉంటాడు. మీ కేసేమిటని గంభీరంగా అడుగుతాడు. ఏదో ఒకటి కల్పించి చెప్పాలి. అతను నమ్మినట్టు నటించి, పుస్తకాల బీరువాని పక్కకి జరుపుతాడు. బారు దాని వెనక ఉంటుంది. నేను ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే అక్క ముందుకు జరిగి కూర్చుంది. "పెళ్ళికి ముందు గంటలకొద్దీ మాట్లాడే అబ్బాయి ఒకడుండేవాడండీ. పెళ్ళయిన ఏడాదికి కనబడకుండా పోయాడు. ఆయన చొక్కాలు వేసుకుని వేరే ఎవరో మా ఇంట్లో ఉంటున్నారు. అసలు మనిషిని వెతికి పెట్టాలి" అంది. డిటెక్టివు నవ్వు ఆపుకోలేక వేషం మరిచిపోయాడు.

ఆ రాత్రి అక్క చేసిన పని చిన్నది కాదు. ఇరవై ఏళ్ళ కాపురాన్ని రెండు వాక్యాల్లో పరాయి మనిషి ముందు పెట్టింది. మామూలుగా అయితే చెప్పుకోలేని మాటని వేషం చాటున చెప్పుకుంది. ఇలాంటి ఆటలు మనకి కొత్తవి కావు. పెళ్ళిళ్ళలో వియ్యాలవారి మీద పాడే పాటల్లో స్త్రీలు నోరు విప్పి అనకూడనివన్నీ అనేసేవారు. ఆట అనే మిష స్త్రీలకి ఎప్పుడూ ఒక వెసులుబాటు. కాబట్టి బారులో వేషాలేమిటని ముఖం చిట్లించేవారితో నేను కలవలేను. ఆటలో తన కథ తనే కల్పించుకునే వీలున్నంత వరకు అది స్వేచ్ఛే.

యుద్ధకాలపు స్టేషన్‌లా కట్టిన కహూట్స్ బారు సోహో దగ్గర 2015లో మొదలైంది. పాత రైలు పెట్టెలాంటి గదులు, 1940ల నాటి సంగీతం. బాంబులు పడుతుంటే జనం భూగర్భ స్టేషన్లలో తలదాచుకున్న రోజుల్ని అది సరదాగా గుర్తుచేస్తుంది. ఆ రోజులు సరదావి కావు. 1943 మార్చి 3న బెత్నల్ గ్రీన్ స్టేషన్‌లోకి పరుగెత్తుకొస్తూ మెట్లమీద తొక్కిసలాటలో 173 మంది ఊపిరాడక చనిపోయారు. వారిలో 84 మంది స్త్రీలు, 62 మంది పిల్లలు. అయినా ఆ బారు నన్ను అంతగా ఇబ్బంది పెట్టలేదు. ఎందుకని ఆలోచిస్తే తట్టిందేమిటంటే, అక్కడ వేషం వేసుకుంటున్నవాళ్ళలో చాలామంది వేసుకుంటున్నది తమ అమ్మమ్మల వేషాలే. ఆ అమ్మమ్మలు కూడా ఆ ప్లాట్‌ఫారాల మీద భయాన్ని పాటలతో ఆపుకున్నవాళ్ళే. కష్టపడినవాళ్ళే మొదలుపెట్టిన నవ్వుని వారసులు కొనసాగిస్తున్నారు. అందులో కొంత మరుపు ఉండవచ్చు, చులకన మాత్రం లేదు.

జైలు బారుకి వచ్చేసరికి ఈ సర్దుబాటు కుదరలేదు. బ్రిక్ లేన్ వీధిలో 2017లో తెరిచిన ఆ బారు పేరు అల్కొట్రాజ్. అమెరికాలోని ఆల్కట్రాజ్ జైలు పేరుని ఆల్కహాలుతో కలిపిన చమత్కారమది. వెళ్ళినవాళ్ళకి నారింజరంగు ఖైదీ దుస్తులిస్తారు. ఎవరి సీసా వాళ్ళే తెచ్చుకుని, వార్డరు వేషంలో ఉన్న నటుడి కన్నుగప్పి లోపలికి చేర్చాలి. కటకటాల గదిలో కూర్చుంటే ఆ సీసాలోదే రకరకాలుగా కలిపి ఇస్తారు. వార్డరు గద్దించినప్పుడల్లా పక్క గదిలో పుట్టినరోజు చేసుకోవడానికి వచ్చిన అమ్మాయిలు పకపకా నవ్వారు. ఆ నవ్వుకి పూచీ ఏది? తలుపుకి తాళం లేదన్న ఎరుక. రెండు గంటలు తిరక్కుండానే ఆ దుస్తులు విప్పేసి ఇంటికి వెళ్ళిపోవచ్చు. జైలులో జైలుతనమంతా ఆ తాళంలోనే ఉంది. దాన్ని తీసేసి మిగిలినవన్నీ అమ్మకానికి పెట్టారు.

లండన్‌లో స్త్రీల జైలు హోలోవే 2016లో మూతపడింది. ఓటుహక్కు కోసం పోరాడిన స్త్రీలని పెట్టిన జైలు అది. నిరాహారదీక్ష చేసినవాళ్ళకి గొట్టాలతో బలవంతంగా తిండి ఎక్కించిన జైలు. అది మూశాక అక్కడి స్త్రీలని నగరం బయట సరే జిల్లాలోని జైళ్ళకి పంపారు. తల్లిని చూడటానికి పిల్లలు చేసే ప్రయాణం పొడుగైంది. మరుసటి ఏడాది నగరంలో జైలు బారు తెరుచుకుంది. ఈ రెండిటికీ కార్యకారణ సంబంధం లేదు, నేను కల్పించబోవడం లేదు. కానీ నిజమైన ఖైదీలు కంటికి దూరమైన నగరంలో ఖైదీ వేషం మరింత తేలికవుతుందన్న మాట మాత్రం కొట్టిపారేయలేం.

ఇది తెల్లవాళ్ళ వింత అనుకుని ఊరుకునే వీలు కూడా మనకి లేదు. హైదరాబాదులో కటకటాల గదుల్లో కూర్చోబెట్టి మందీ వడ్డించే హోటళ్ళు ఉన్నాయి. 2016లోనే సంగారెడ్డి పాత జైలుని మ్యూజియంగా మార్చి, 500 రూపాయలు కడితే ఒక రోజు ఖైదీగా ఉండవచ్చన్నారు. మన జైళ్ళలో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది శిక్షపడినవాళ్ళు కాదు, విచారణ ముగియనివాళ్ళు. పూచీకత్తుకి డబ్బులేక నెలల తరబడి లోపలే ఉండిపోయేవాళ్ళు వారిలో ఎందరో. లోపలికి వెళ్ళడానికి ఒకరు డబ్బు కడతారు. బయటికి రావడానికి కట్టలేక ఇంకొకరు ఉండిపోతారు. ఈ రెండు వాక్యాల్నీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నవ్వు దానంతటదే ఆగిపోతుంది. ఎవరూ మనల్ని మందలించనక్కర్లేదు.

క్లాపమ్ కామన్ స్టేషన్ పక్కన నేలకింద ఉన్న పాత సర్కారు మరుగుదొడ్డిని బాగుచేసి 2014లో వైన్ బారుగా తెరిచారు. లండన్‌లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. పాత పలకలు, పాత తలుపులు అలాగే ఉంచి, చిన్న చిన్న దీపాలు పెట్టారు. చూడటానికి ఎంతో అందంగా ఉంది. గోడలో ఏ విషాదమూ లేదు. చులకన చేయడానికి ఎవరి బాధా లేదు. ఇక్కడైతే హాయిగా కూర్చోవచ్చని నేననుకుంటుండగా అక్క చుట్టూ చూసి అంది. "బాగానే ఉంది గానీ, ఇప్పుడు దారిన పోయే ముసలమ్మ ఎక్కడికి పోవాలే? ఏడెనిమిది ఇళ్ళు తిరగాల్సిన రోజున నేను మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు ముట్టను. రోగుల ఇంట్లో అడగబుద్ధి కాదు. అడిగినా కొన్ని ఇళ్ళలో వెళ్ళబుద్ధి కాదు. ఇలాంటివి ఒక్కొక్కటీ మూసుకుంటూ పోయారు. చివరికి ఇలా గ్లాసు కొనుక్కుంటేనే దిగనిస్తున్నారు."

ఆ మాట విన్నాక నాకు బెర్నార్డ్ షా గుర్తొచ్చాడు. నాటకాలు రాసిన షాయే. 1897 నుంచి 1903 దాకా అతను సెయింట్ పాంక్రాస్ ప్రాంతపు స్థానిక సంస్థలో సభ్యుడు. కామ్డెన్‌లో స్త్రీలకి ఒక మరుగుదొడ్డి కట్టించాలని వాదించాడు. తోటి సభ్యులకి ఆ మాట ఎత్తడమే అసభ్యమనిపించింది. మగవాళ్ళు మూత్రానికి ఊరికే వెళ్ళేవారు. స్త్రీలు మాత్రం ప్రతిసారీ ఒక పెన్నీ ఇవ్వాల్సి వచ్చేది. పేద స్త్రీకి అది చిన్న మొత్తం కాదు. స్త్రీలకి ఓటు ఎందుకుండాలో చెబుతూ 1909లో షా ఒక వ్యాసం రాశాడు. స్థానిక సంస్థల్లో స్త్రీలు లేకపోతే ఇలాంటి అవసరాలు ప్రస్తావనకే రావన్నది అందులో అతని వాదన. స్త్రీ ఇల్లు దాటి ఎంతదూరం వెళ్ళగలదో నిర్ణయించింది చాలాసార్లు ఆమె ధైర్యం కాదు, దారిలో మరుగుదొడ్డి ఉందా లేదా అన్నదే. బడి మానేసిన ఆడపిల్లలున్న మన ఊళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. కాబట్టి ఆ వైన్ బారులో ఎవరినీ అవమానించకపోయినా, ఒక ప్రశ్న మాత్రం మిగిలింది. చమత్కారంగా మారిన ఆ చోటు అంతకుముందు ఎవరికి అవసరమైన చోటు?

ఇక టెన్ బెల్స్. తూర్పు లండన్ స్పిటల్‌ఫీల్డ్స్‌లో కమర్షియల్ స్ట్రీట్, ఫోర్నియర్ స్ట్రీట్ కలిసే మూలన ఉన్న పాత పబ్బు అది. లోపల గోడమీద పూర్వకాలపు నేతగాళ్ళ దుకాణాన్ని చూపించే పలకల చిత్రం ఉంది. 1888లో ఆ చుట్టుపక్కల వీధుల్లో కొద్ది నెలల్లోనే అయిదుగురు స్త్రీలు హత్యకి గురయ్యారు. మేరీ ఆన్ నికల్స్, ఆనీ చాప్‌మన్, ఎలిజబెత్ స్ట్రైడ్, కేథరిన్ ఎడ్డోస్, మేరీ జేన్ కెల్లీ. హంతకుడెవరో తేలలేదు. పత్రికలు అతనికి జాక్ ది రిప్పర్ అన్న పేరుని ప్రపంచమంతటా ప్రచారం చేశాయి. మనలో చాలామందికి ఆ పేరు తెలుసు. ఈ అయిదు పేర్లు తెలియవు.

1976లో ఆ పబ్బుకి 'ది జాక్ ది రిప్పర్' అని పేరు మార్చారు. ఆ హత్యల జ్ఞాపకాలనే లోపల అలంకారం చేశారు. సందర్భం గమనించండి. 1975 నుంచి 1980 దాకా ఉత్తర ఇంగ్లండులో పీటర్ సట్‌క్లిఫ్ అనేవాడు 13 మంది స్త్రీలని చంపాడు. పత్రికలు అతనికీ 'యార్క్‌షైర్ రిప్పర్' అనే పేరు పెట్టాయి. చీకటిపడ్డాక స్త్రీలు బయటికి రావద్దని హెచ్చరికలొచ్చాయి. 1977లో లీడ్స్‌లో స్త్రీలు రాత్రిపూట ఊరేగింపు తీశారు, ఈ రాత్రి మాది అంటూ. ఒకపక్క బతికున్న హంతకుడి భయంతో స్త్రీలు ఇళ్ళలో ఉంటే, ఇంకోపక్క చనిపోయిన హంతకుడి పేరున బారు నడుస్తోంది. 1988లో ఆ హత్యలకి నూరేళ్ళు నిండుతున్నాయని సంబరాల వాతావరణం మొదలైంది. అప్పుడు స్త్రీలు కలిసి ఉద్యమం చేశారు. ఆ ఏడే పబ్బు పాత పేరు తిరిగొచ్చింది. ఒక నామఫలకం మారడం చిన్న విజయమే. కానీ హంతకుడి పేరు కింద నిలబడి గ్లాసు ఎత్తడం మామూలు విషయం కాదని ఆ ఫలకం దిగినప్పుడే నగరం ఒప్పుకుంది. అదీ ఎక్కువకాలం నిలవలేదు. 2015లో అదే తూర్పు లండన్ కేబుల్ స్ట్రీట్‌లో స్త్రీల చరిత్ర మ్యూజియం పెడతామని అనుమతి తెచ్చుకున్న భవనంలో చివరికి జాక్ ది రిప్పర్ మ్యూజియం తెరిచారు. దానికి జవాబుగా ఈస్ట్ ఎండ్ విమెన్స్ మ్యూజియం అనే ప్రయత్నం పుట్టింది.

హేలీ రూబెన్‌హోల్డ్ అనే చరిత్రకారిణి 2019లో 'ది ఫైవ్' అనే పుస్తకం రాసింది. అందులో హంతకుడి గురించి దాదాపు ఏమీ ఉండదు. అయిదుగురు స్త్రీలు పుట్టిన దగ్గర్నుంచి వాళ్ళ బతుకు ఎలా సాగిందో ఉంటుంది. వాళ్ళందరూ వేశ్యలేనని నూరేళ్ళకి పైగా చెప్పుకున్న మాటకి, వారిలో ముగ్గురి విషయంలో ఆధారమే లేదని ఆమె చూపించింది. వేశ్య అయితే చంపవచ్చా అన్న ప్రశ్న ఎలాగూ ఉంది. నన్ను పట్టి ఆపింది మరో సంగతి. నికల్స్ ఆ రాత్రి వీధిలో ఉన్నది సత్రంలో పడకకి ఇవ్వాల్సిన నాలుగు పెన్నీలు లేక. చాప్‌మన్ తాగుడు వల్ల భర్తకీ పిల్లలకీ దూరమైన మనిషి. ఇలాంటి స్త్రీలకి పబ్బు వెచ్చగా కూర్చునే చోటూ అయింది, ఉన్న నాలుగు పెన్నీలూ మింగేసే చోటూ అయింది. బతికి ఉండగా ఆ వీధుల స్త్రీల దగ్గర పబ్బు డబ్బు తీసుకుంది. చనిపోయాక వాళ్ళనే చూపించి ఇతరుల దగ్గర డబ్బు తీసుకుంది.

టెన్ బెల్స్ ఇప్పుడు మామూలు పబ్బులాగే ఉంది. మేము వెళ్ళిన సాయంత్రం ఆఫీసుల నుంచి వచ్చినవాళ్ళతో నిండి ఉంది. కిటికీలోంచి చూస్తే హత్యల వీధులు చూపించే గైడు, అతని వెనక ఇరవై ముప్పై మంది కనిపించారు. అక్క వాళ్ళని చాలాసేపు చూసి, "ఈ అయిదుగురిలో ఎవరన్నా ఇప్పుడు ఈ తలుపు తీసుకుని వస్తే, వీళ్ళు పక్కకి జరిగి చోటిస్తారంటావా?" అంది.

నేను వెతుకుతున్న కొలబద్ద అదేనని నాకనిపించింది. ఒక థీమ్ మంచిదా చెడ్డదా అన్నది ఎవరి మనసు నొచ్చుకుంది అన్న లెక్కతో తేలదు. నొచ్చుకోవడం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. చనిపోయినవాళ్ళు నొచ్చుకోలేరు కూడా. అడగాల్సింది వేరు. ఎవరి బతుకుని చూపించి ఈ చోటు అమ్ముతున్నారో, ఆ మనిషి ఇక్కడికి అతిథిగా రాగలదా? వస్తే బల్లదగ్గర చోటుందా, గోడమీదే చోటుందా? డిటెక్టివ్ బారులో అక్క బల్లదగ్గరే ఉండి తన కథ చెప్పింది. జైలు బారుకి నిజంగా జైలునుంచి వచ్చిన స్త్రీ వెళితే, వార్డరు కేకకి ఆమె నవ్వలేదు. ఆమె నవ్వకపోతే పక్కవాళ్ళ నవ్వు ఆగిపోతుంది. అంటే ఆమె రాకపోవడం మీదే ఆ ఆట ఆధారపడి ఉంది. ఎల్ వినో స్త్రీని కౌంటరు దగ్గరికి రానివ్వలేదు. రిప్పర్ పేరు పెట్టుకున్న పబ్బు స్త్రీని రమ్మంది, డబ్బులు తీసుకుంది, గోడమీద మాత్రం ఆమెని శవంగా పెట్టుకుంది. రెండోది ప్రగతి అని నేను అనలేను.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. అలాగైతే సాహిత్యం సంగతేమిటి? మనమూ ఇతరుల బాధ గురించే కదా రాస్తున్నాం. ఈ అభ్యంతరాన్ని దాటేయడం నాకిష్టం లేదు. ఇంగ్లీషువాళ్ళు థీమ్ అనేదాన్ని మనం 'వస్తువు' అంటాం. కథావస్తువు, కవితావస్తువు. అదే మాటతో బీరువానీ బల్లనీ కూడా పిలుస్తాం. మన భాష ఏనాడో హెచ్చరించి పెట్టినట్టుంది. వితంతువు వస్తువైంది. వేశ్య వస్తువైంది. దళిత స్త్రీ వస్తువైంది. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో 'నల్లపొద్దు' వచ్చినప్పుడు తెలుగు సాహిత్యంలో జరిగిన మార్పు ఏమిటి? అంతదాకా ఇతరుల కథల్లో ఎక్కువగా వస్తువుగా కనబడిన దళిత స్త్రీలు రచయితలుగా ఒకేచోట కూర్చున్నారు. గోడమీద నుంచి దిగి బల్లదగ్గరికి వచ్చారు. ఇతరుల గురించి రాయకూడదని దీని అర్థం కాదు. అలా గిరి గీసుకుంటే ఊహకే చోటుండదు. రూబెన్‌హోల్డ్ కూడా రాసింది తన గురించి కాదు. ఆమె చేసిందల్లా వాళ్ళు చనిపోయిన తీరుని పక్కనపెట్టి, బతికిన తీరుని ముందుకు తేవడం. రాసినదాన్ని ఆ మనిషి చదివితే తనని అందులో అతిథిగా గుర్తుపడుతుందా అన్న ప్రశ్న బారు యజమానికి ఎంత వర్తిస్తుందో కలం పట్టినవాళ్ళకీ అంతే వర్తిస్తుంది. బారు యజమానికి లాభనష్టాల సాకు ఉంది. మనకి అదీ లేదు.

ఇదంతా లండన్ సంగతిగా తోచేవాళ్ళ కోసం ఒక ఊహ చెప్పి ముగిస్తాను. రేపు హైదరాబాదులో ఎవరో 'సారా కొట్టు' పేరున థీమ్ బారు పెట్టారనుకుందాం. తాటాకు పందిరి, చెక్కబల్ల, గోడలకి తొంభైల నాటి సారా ప్యాకెట్లు. కాక్‌టెయిళ్ళకి ఊళ్ళ పేర్లు. వడ్డించేవాళ్ళకి గళ్ళ లుంగీలు. తప్పకుండా నిండుతుంది. పాతరోజుల మీద మమకారమని కొందరు, పల్లె సంస్కృతి అని కొందరు వెళతారు. కొంచెం తెలివైన యజమానైతే ఒక గోడమీద చీపుర్లు పట్టుకుని వస్తున్న స్త్రీల బొమ్మ కూడా వేయిస్తాడు. చరిత్రని గౌరవించామంటాడు. దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతారు.

ఆ బొమ్మలో ఏ అవమానమూ ఉండకపోవచ్చు. గీసిన చెయ్యి ఎంతో శ్రద్ధగా గీసి ఉండవచ్చు. కానీ ఆ స్త్రీలు కొట్టు మూయించడానికి వచ్చారు. కొట్టుకి అందం తేవడానికి రాలేదు. వాళ్ళలో ఒకామె, ఇప్పుడు డెబ్బై దాటిన మనిషి, ఆ తలుపు తీసుకుని లోపలికి వస్తే ఏం జరుగుతుందో ఊహించుకోవాలి. ఆమెకి కుర్చీ వేస్తారా, బొమ్మ పక్కన నిలబెట్టి ఫొటో తీస్తారా? ఆమె ఇంకా ఆ కొట్టు మూయమనే అడిగితే, గ్లాసు పట్టుకున్న మనం ఏమంటాం? బారుకి వెళ్ళే హక్కు మనకి ఉంది, దానికోసం కోర్టుల దాకా వెళ్ళినవాళ్ళున్నారు. ఈ ప్రశ్నకి జవాబు ఆలోచించుకుంటూ లోపలికి వెళ్ళడం ఆ హక్కుకి అడ్డంకి కాదు. అదీ ఆ హక్కులో భాగమే.